చివరి పేజీ మనిషి

మల్‌సూన్ నూట పన్నెండో పుస్తకం వెనక అట్ట తెరిచింది. చివరి పేజీని అరచేత్తో ఒకసారి సాపు చేసింది. కుంచెను జిగురు గిన్నె అంచుకు రెండుసార్లు ఒత్తి, పేజీ మీద అచ్చయి ఉన్న చిన్న గడిలో నాలుగు మూలలా తాకించింది. తపాలా బిళ్లంత ముద్ర కాగితం తీసి గడిలో పెట్టి, పాత నూలు గుడ్డతో అద్దింది. అట్ట మూసి ఎడమవైపు దొంతరలో పెట్టింది. నూట పదమూడోది అందుకుంది.

సియోల్ నగరంలో అచ్చాఫీసుల సందు అది. మూడో అంతస్తులో వెనక గది. కింద యంత్రాలు తిరుగుతున్నంతసేపూ బల్ల సన్నగా వణుకుతూనే ఉంటుంది, బార్లీ టీ గ్లాసులో వలయాలు పుడుతూనే ఉంటాయి. ఏప్రిల్ కాబట్టి బయట ఎడారుల నుంచి గాలికొచ్చే పసుపు దుమ్ము. కిటికీ తెరిస్తే పుస్తకాల మీద పడుతుంది, మూస్తే జిగురు కంపు తలకెక్కుతుంది. మల్‌సూన్ కిటికీ మూసే ఉంచింది.

ఆ దేశంలో రచయిత ముద్ర లేని పుస్తకం గడప దాటదు. ప్రచురణకర్త రచయిత కన్నుగప్పి నాలుగు ప్రతులు ఎక్కువ వేసుకోకుండా ఎప్పుడో పెద్దలు పెట్టిన పద్ధతి. రచయిత తన సొంత ముద్రను చిన్న చిన్న కాగితాల మీద ఒత్తి ఇవ్వాలి, వాటిని ఒక్కో పుస్తకం చివర ఎవరో ఒకరు కూర్చుని అంటించాలి. రాతివంతెన ప్రచురణలలో ఇరవై ఆరేళ్లుగా ఆ ఎవరో ఒకరు బాంగ్ మల్‌సూన్.

రాతివంతెన వాళ్లు కథలూ కవిత్వాలూ వేయరు. రాజకీయం, సమాజం, చరిత్ర. కొనేవాళ్లు తక్కువ, తగువు పెట్టుకునేవాళ్లు ఎక్కువ. మల్‌సూన్ ఇక్కడ చేరినప్పుడు ఆమెకు ముప్పై రెండేళ్లు. అక్షరం ముక్క రాదు. దక్షిణాది పల్లె నుంచి పదిహేనో ఏట పట్నానికి పనిమనిషిగా వచ్చింది. తరవాత అగ్గిపెట్టెలు అంటించింది, కవర్లు అంటించింది, సీసపు అక్షరాలు పేర్చే మనిషిని కట్టుకుంది, ఆయన ఊపిరితిత్తులు చెడి చనిపోతే పాడె కట్టించింది. మళ్లీ అంటించే పనిలోకే వచ్చింది. అయితే ఏ పుస్తకానికైనా చివరి పేజీ ఒకే తీరుగా ఉంటుంది. రచయిత, ముద్రణ, తేదీ, చిరునామా. రోజుకు ఆరు వందలసార్లు అదే పేజీ కళ్లబడితే గోడకైనా చదువొస్తుంది. అట్లా అక్షరాలు నేర్చుకుంది మల్‌సూన్. లోకమంతా పుస్తకాన్ని తల నుంచి చదివితే ఆమె తోక నుంచి చదివేది.

జనరల్ పాలన నాటి సంగతి ఒకటి ఆ సందులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏదో పుస్తకాన్ని నిషేధించి ఇద్దరు డిటెక్టివులు ఈ గదిలోకే వచ్చారు. ఎన్ని ప్రతులు వెళ్లాయని గద్దించారు. మల్‌సూన్ తనకు జిగురు లెక్కే తప్ప పుస్తకాల లెక్క తెలియదంది.

"ఇందులో ఏముందో చదివావా?" అన్నాడు వాళ్లలో లావుపాటివాడు.

"చివరి పేజీ చదివానయ్యా."

"ఏముంది అందులో?"

"చెడిపోయిన ప్రతులు తీసుకొస్తే మార్చి ఇస్తాం అని ఉంది."

లావుపాటివాడికి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయాక, మల్‌సూన్ అరగంటసేపు కుంచె ముట్టుకోలేదు. ఆ అరగంటా ఆమెకు బార్లీ టీ పోసి ఇచ్చింది ఎదుటి కుర్చీలో ఉన్న ప్యోన్ మాష్టారు.

ప్యోన్ ఇక్సు ఒకప్పుడు బడిలో చరిత్ర చెప్పేవాడు. చెప్పకూడని చరిత్ర చెప్పాడని ఉద్యోగం ఊడగొట్టారు. అప్పట్నుంచీ పుస్తకాలే. మిగతా రచయితలు ముద్ర కాగితాలను ఇంట్లో ఒత్తి పంపేవారు. కొందరైతే భార్యల చేత ఒత్తించేవారు, జైల్లో ఉన్నవాళ్లకు తల్లులు ఒత్తేవారు. ఈయన మాత్రం స్వయంగా వచ్చి బల్లకు అవతలి వైపు కూర్చునేవాడు. ఆయన ఒత్తేవాడు, ఈమె అంటించేది. మధ్యలో ఏవేవో అడిగేవాడు. జిగురు దేనితో కాస్తారు, కర్ఫ్యూ రోజుల్లో ఇంటికెట్లా వెళ్లేవారు, మీ ఆయన చేతులు కడుక్కుంటే నీళ్లు నల్లగా వచ్చేవా. పొద్దుపోక అడుగుతున్నాడనుకుని మల్‌సూన్ చెప్పేది. పాతికేళ్లలో తొమ్మిది పుస్తకాలు అట్లా అయ్యాయి.

ఇవాళ ఎదుటి కుర్చీ ఖాళీ. మాష్టారి ముద్ర మల్‌సూన్ చేతిలోనే ఉంది.

పొద్దున్నే ఆయన కూతురు యూన్‌జు వచ్చి చిన్న పట్టుసంచి బల్ల మీద పెట్టింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నాన్న మిమ్మల్నే ఒత్తమన్నారు పిన్నీ."

"నన్నా? ఎవరి ముద్ర వాళ్లే ఒత్తాలమ్మా, లేదంటే వాళ్లింట్లోవాళ్లు. బయటివాళ్ల చేతికివ్వరు."

ఆ మాట నిజం. ముద్ర బయటివాళ్ల చేతికివ్వడమంటే ఇంటి తాళమూ పొలం కాగితమూ కలిపి ఇచ్చినట్టే. కన్నకొడుక్కి ఇవ్వడానికి కూడా ఆలోచిస్తారు.

"నేనూ అదే అన్నా. 'మల్‌సూన్ గారికి ఇస్తే నా దగ్గర ఉన్నట్టే' అన్నారు," అంది యూన్‌జు. సంచిని ఆమె వైపు జరిపి, "డాక్టరు ఇంక రోజులు లెక్కపెట్టుకోమన్నాడు పిన్నీ. నాన్నకు వేరే ఏ ఆశా లేదు. ఈ పుస్తకాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకోవాలట. పొద్దుట లేవగానే అదే అడుగుతారు, వచ్చిందా అని."

ఆమె బస్సెక్కి చున్‌చాన్ ఊళ్లోని ఆసుపత్రికి తిరిగి వెళ్లిపోయింది. మల్‌సూన్ సంచి విప్పింది. గుండ్రటి చెక్క ముద్ర. ఏది పైవైపో వేలికి తెలిపే గాటు దాని మీద లేదు. మంచి ముద్రకు గాటు పెట్టరు. ఒత్తేముందు చెయ్యి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలని. మల్‌సూన్‌కు ఆలోచించాల్సిన పనేముంది? ఆ గుర్తును లక్షసార్లు చూసింది. ముద్ర మీది పాత చైనా అక్షరాలు ఆమెకు రావు కానీ ఆ ఆకారం కళ్లు మూసుకున్నా కనబడుతుంది. వీపు మీద మోపు ఎత్తుకుని వంగిన మనిషిలా ఉంటుంది. ఎర్ర సిరా ముద్దకు అద్ది, మొదటి నాలుగు వందల కాగితాలూ ఏకబిగిన ఒత్తేసింది.

రెండు వందల అరవయ్యో పుస్తకం దగ్గర జిగురు కొంచెం చిక్కబడింది. నీళ్లు కలిపి అది కరిగేలోగా, అలవాటుకొద్దీ, చివరి పేజీకి ముందున్న పేజీలు తిరగేసింది. అవి పేర్ల పట్టిక. ఏ మనిషి ఏ పుటలో ఉన్నాడో చెప్పేవి. మల్‌సూన్‌కు ఈ పట్టికలంటే ఇష్టం. మంత్రులు, జనరళ్లు, ప్రొఫెసర్లు, ఉరి తీసినవాళ్లు, ఉరికంబం ఎక్కినవాళ్లు అందరూ ఒకే వరసలో బుద్ధిగా నిలబడి ఉంటారు. పద్దెనిమిదేళ్లు దేశాన్ని ఏలిన జనరల్ పేరు ఎప్పట్లాగే ఉంది, పక్కన బారెడు అంకెలు. దాని కింద ఇంకో రెండు పేర్లు. ఆ కింద:

బాంగ్ మల్‌సూన్, 187, 188, 241.

ఎవరో ఇంకో బాంగ్ మల్‌సూన్ అనుకుంది. అచ్చుతప్పు అనుకుంది. చేతులు తుడుచుకుని నూట ఎనభై ఏడో పుట తీసింది. డిటెక్టివులు ఉన్నారు. చెడిపోయిన ప్రతుల మాట ఉంది. "ఆ ఏడాది నిషేధించిన పుస్తకాల్లో పద్నాలుగింటికి చివరి పేజీ అతికించిన చెయ్యి ఈమెదే" అని ఉంది. ఆమె భర్త పేరుంది. ఆయన చేతులు కడుక్కున్న నల్ల నీళ్లు ఉన్నాయి.

మల్‌సూన్ కుర్చీలో కూలబడింది. మొదట కోపం వచ్చింది. పాతికేళ్లు ఎదురుగా కూర్చుని టీ తాగి, ఒక్క మాట చెప్పకుండా ఇంత పని చేస్తాడా ఈ మనిషి! తరవాత ఏడుపు వచ్చింది. కిందటేడు గుర్తింపు కార్డు మార్చుకోవడానికి వార్డు ఆఫీసుకెళితే వేలిముద్ర పడలేదు. కాగితమూ జిగురూ కలిసి బొటనవేలి గీతలు తినేశాయి. గుమస్తా ఐదుసార్లు ఒత్తించి, "మీరు అసలు ఉన్నారా అమ్మమ్మా?" అని జోకేశాడు. ఇంటికొచ్చి దానికి తానూ నవ్వింది. ఇప్పుడు నవ్వు రాలేదు. పుట మీద ఉన్న తన పేరును వేలితో తాకి, తడి అంటుతుందేమోనని చెయ్యి లాక్కుంది.

ఆ తరవాత పని చేయి చేస్తోంది గాని మనసు చున్‌చాన్‌లో ఉంది. నాలుగు వందలూ అంటించేసరికి మధ్యాహ్నమైంది. ఒక ప్రతి చేతిలో పట్టుకుని ముందుగదిలోకి వెళ్లింది.

యజమాని కూ బొంజే నూడుల్స్ తింటున్నాడు. ఆమె కన్నా ఎనిమిదేళ్లు చిన్న. ముక్కు మీద కోపం, కడుపులో మంచితనం. రెండోది బయటపడకుండా మొదటిదాన్ని అడ్డం పెట్టుకుని బతుకుతాడు.

"ఓనరు గారూ, ఈ ఒక్కటీ తీసుకుని నేను చున్‌చాన్ వెళ్లొస్తా."

"శుక్రవారం వ్యాను వెళ్తోందిగా అక్కా. వంద కాపీలు పంపిస్తున్నా."

"ఇవాళ బుధవారం."

"అయితే? నిన్న సాయంత్రం కట్టిన బైండింగ్ అది. ఇంకో రాత్రి బరువు కింద ఉండాలి. ఇప్పుడు తెరిస్తే వెన్ను విరుగుతుంది. పదకొండేళ్లు రాసిన పుస్తకం, పేజీలు ఊడి ఆయన ఒళ్లో పడితే ఏం బాగుంటుంది?"

"పుస్తకం శుక్రవారం దాకా ఆగుతుంది. మనిషి ఆగుతాడా?"

కూ బొంజే నూడుల్స్ గిన్నెలోకి చూశాడు. ఇరవై ఆరేళ్లలో ఈ మనిషి సగంరోజు సెలవడగడం ఇదే మొదలు.

"మిగతా ఆరు వందలూ?"

"రేపు పొద్దున్నే కూర్చుంటా."

"జిగురు ఆరని పుస్తకం గడప దాటించిన మొదటి ప్రచురణకర్తని నేనే అవుతా. మా నాన్న ఉంటే కర్ర తీసుకునేవాడు." అంటూనే లేచి, రెండు అట్ట పలకలు వెతికి, పుస్తకాన్ని మధ్యలో పెట్టి, గట్టిగా తాడు కట్టి ఇచ్చాడు. "వదులు కానివ్వకు. దారంతా దాని మీద బరువుండాలి. తెరిస్తే మధ్యలోంచి తెరవమను, నెమ్మదిగా. ఊఁ, ఇంకా నిలబడ్డావేం? బస్సు నీ కోసం ఆగుతుందా?"

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బరువు పెట్టాలంటే బస్సులో రాయి ఎక్కడ దొరుకుతుంది? మల్‌సూన్ కాసేపు ఆలోచించి, రుమాలు చుట్టి, పుస్తకాన్ని సీట్లో పెట్టి దాని మీద కూర్చుంది. చదువు మీద కూర్చోవడం తప్పే. పోనీ, తన పేరు కూడా అందులోనే ఉంది కదా, తన మీద తను కూర్చున్నా తప్పేనా? ప్రతి కుదుపుకూ ఇంకొంచెం బరువుగా ఆనింది.

పక్కన కూర్చున్న ఆవిడ మల్‌సూన్ వయసుదే, ఒళ్లో ఉల్లికాడల మూట. కొంచెంసేపు చూసి ఆగలేకపోయింది.

"ఏంటమ్మా అట్టా కూర్చున్నావ్? గుడ్డు పొదుగుతున్నావా?"

"అవునమ్మా. పదకొండేళ్ల గుడ్డు."

"ఓలమ్మో. మగపిల్లా, ఆడపిల్లా?"

"చరిత్ర."

ఆవిడకు అర్థం కాలేదు కానీ, మంచి విషయమే అయ్యుంటుందని ఒక ఉడకబెట్టిన చిలగడదుంప తీసి చేతిలో పెట్టింది. రోడ్డు పక్క కొండ మీద పసుపుపూల పొదలు విరగబూసి ఉన్నాయి. మల్‌సూన్ దుంప తింటూ వాటిని చూసింది గాని లోపల ఒకటే మాట తిరుగుతోంది. ఉండు మాష్టారూ, ఇంకొక్క గంట ఉండు.

ఉన్నాడు. మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం. మనిషి సగమైపోయాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు గాని మల్‌సూన్ తాడు విప్పుతుండగానే ముక్కుపుటాలు కదిలాయి.

"జిగురు," అన్నాడు కళ్లు తెరవకుండా. "తడి జిగురు. ఎవరది, మల్‌సూన్ గారా?"

"నేనే మాష్టారూ. వచ్చేసింది పుస్తకం."

యూన్‌జు మంచం తల ఎత్తించి, కళ్లజోడు పెట్టింది. పుస్తకం ఆయన ఛాతీ మీద పెట్టారు. పేజీలు ఊడలేదు. ముఖపత్రాన్ని చాలాసేపు చూశాడు. 'సిరా, సీసం, జిగురు' అని ఉంది దాని మీద. అరచేత్తో ఆ అక్షరాలను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నిమిరాడు. ఆ తరవాత, ఎదుట ఉన్నది మల్‌సూన్ కాబట్టి కాబోలు, పుస్తకాన్ని బోర్లించి చివరి పేజీ తీశాడు.

తీసి, అట్లాగే ఉండిపోయాడు. భుజాలు వణకడం మొదలైంది. యూన్‌జు కంగారుగా నర్సును పిలవబోయింది. ఆయన చెయ్యి ఊపి వద్దన్నాడు. నవ్వుతున్నాడు. గొట్టంలో సెలైన్ కూడా ఆయనతోపాటు ఊగుతోంది.

"మల్‌సూన్ గారూ... ముద్ర తలకిందులుగా ఉంది."

మల్‌సూన్ పుస్తకం దగ్గరికి జరిగింది. వంగి చూసింది. మోపు ఎత్తుకున్న మనిషి. ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాడు. "సరిగ్గానే ఉందిగా మాష్టారూ. పాతికేళ్లుగా ఇట్లాగే..."

అని మధ్యలో ఆగింది. పాతికేళ్లుగా తను కూర్చున్నది బల్లకు ఇవతలి వైపు. ఆయన అటు నుంచి ఒత్తేవాడు, తను ఇటు నుంచి చూసేది. కాగితం అందుకోవడం, కళ్లతో చూడకుండానే తిప్పి అంటించడం చేతికి అలవాటు. కంటికి మాత్రం ఆ తలకిందుల బొమ్మే అలవాటు. ఇవాళ తనే ఒత్తింది, తిప్పకుండానే అంటించింది.

"అయ్యో! నాలుగు వందలు మాష్టారూ! నాలుగు వందలూ ఇట్టాగే అంటించా! పీకేస్తా, వెళ్లగానే పీకేస్తా. ఆవిరి పట్టి ఊడదీస్తా..."

"ముట్టుకోకండి." నవ్వు తగ్గడానికి కాసేపు పట్టింది. "నేను అటు కూర్చుని ఒత్తినన్నాళ్లూ మీకు ఇట్లా కనబడిందన్నమాట. ఏమనుకునేవారు దీన్ని?"

"మోపు ఎత్తుకున్న మనిషి అనుకున్నా."

"నా ఇంటిపేరులో అంత కష్టజీవి ఉన్నాడని నాకే తెలీదు." పేజీని మళ్లీ చూసుకున్నాడు. "ఉండనివ్వండి. ఈ నాలుగు వందలూ మీ వైపు నుంచి. మిగతావి నా వైపు నుంచి ఒత్తండి. ఈ పుస్తకానికి అదే సరి."

అప్పుడు గుర్తొచ్చింది మల్‌సూన్‌కు, తాను పోట్లాడటానికి కూడా వచ్చానని.

"నా పేరెందుకు వేశారు? ఒక్క మాటన్నా చెప్పకుండా?"

"చెబితే వద్దనేవారు."

"అనేదాన్నే! అదీ, అంత పెద్దాయన పేరు కిందా? చూసి జనం నవ్వరూ?"

"ఆయన ఉన్నది పద్దెనిమిదేళ్లు. మీరు ఇరవై ఆరేళ్లు. న్యాయానికి మీరే పైనుండాలి. అక్షరక్రమం నా చేతిలో లేదు, క్షమించండి."

మల్‌సూన్ కొంగులాగా చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. యూన్‌జు కిటికీ వైపు తిరిగి ముక్కు చీదింది. 

ఆయన పేజీ తిప్పబోయాడు. చేత కాలేదు. వేళ్లు ఎండి కాగితంలా అయిపోయాయి, కాగితం మీద కాగితం జారిపోతోంది. రెండుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాడు. మల్‌సూన్ తన చేతి వైపు చూసుకుంది. కంగారులో విప్పడం మరిచిన రబ్బరు తొడుగు చూపుడువేలికి ఇంకా ఉంది. పేజీలు తిప్పడానికి పెట్టుకునేది, చుట్టూ బుడిపెలుండేది. దాన్ని తీసి, ఆయన వేలికి తొడిగింది. వదులైంది. రుమాలు అంచు చింపి లోపల కుక్కి మళ్లీ తొడిగింది.

పేజీ తిరిగింది. మాష్టారు తల ఎత్తకుండానే, "బాగుంది," అన్నాడు. మరో పేజీ తిరిగింది. బడిలో కొత్త పుస్తకాలు పంచిన రోజు పిల్లాడి మొహం అది.

ఆరు గంటల బస్సుకు మల్‌సూన్ లేచింది. వెళ్లొస్తానంది. ఆయన వినలేదు. వెనక నుంచి ముందుకు, పేర్ల పట్టిక దాటి, మెల్లగా లోపలికి వెళుతున్నాడు. ఆమె గుమ్మం దగ్గర ఒకసారి నడుము వంచి నమస్కరించి మెట్లు దిగింది.

మర్నాడు పొద్దున్నే కొత్త జిగురు కాసింది. ముద్రను సిరాకు అద్దే ముందు మాష్టారి పాత పుస్తకం ఒకటి తెచ్చి, చివరి పేజీ పక్కన తెరిచి పెట్టుకుని, దాన్ని బట్టి ముద్రను తిప్పి పట్టుకుంది. మోపు మనిషి తలకిందులయ్యాడు. అటువైపు నుంచి చూస్తే అది రెండు కాళ్ల మీద నిలబడ్డ చిన్న ఇల్లులా ఉంది. ఇన్నేళ్లూ ఇది చూడలేదే అనుకుంది. యాభై ఏడోది ఒత్తుతుండగా ఫోను మోగింది. కూ బొంజే మాట్లాడి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె అతని మొహం చూసింది.

"తెల్లవారుజామునట," అన్నాడు. "నిద్రలోనే."

మల్‌సూన్ ముద్రను బల్ల మీద పెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. కింద యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. కూ బొంజే లోపలికొచ్చి ముద్ర వైపు చూశాడు.

"పోయినవాళ్ల ముద్ర ఒత్తొచ్చో లేదో నాకు తెలీదక్కా. నువ్వేమంటావ్?"

"నాకిచ్చింది బతికుండగా కదా," అంది మల్‌సూన్. "ఈ వెయ్యికీ ఇచ్చారు."

యాభై ఎనిమిదోది ఒత్తింది. రోజంతా ఒత్తింది, అంటించింది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది, కాగితాలు తడవకుండా పక్కకు తిరిగి. సాయంత్రానికి ఆరు వందలూ అయ్యాయి. ముందుగదిలో ఫోన్లు ఆగడం లేదు. రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులు, ఓ అచ్చు కార్మికుల సంఘం, పుస్తకం ఎప్పుడిస్తారని. రెండో ముద్రణకు కాగితం చూడాలని కూ బొంజే ఎవరి మీదో కేకలేస్తున్నాడు. ఆ కేకలు వింటుంటే మల్‌సూన్‌కు ఆకలేసింది. నిన్నట్నుంచి మళ్లీ అప్పుడే అన్నం తింది.

శుక్రవారం వ్యాను అనుకున్నట్టే చున్‌చాన్ వెళ్లింది, ఆసుపత్రి వెనక అంత్యక్రియల హాలుకు. వంద ప్రతులూ గుమ్మం దగ్గర బల్ల మీద పేర్చారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కటి తీసుకుని, నిలబడే వెనక పేజీలు తిరగేస్తున్నారు. ముసలి కంపోజిటర్లు, బైండర్లు, ఒకప్పుడు పుస్తకాలు సైకిళ్ల మీద మోసినవాళ్లు. ఒక్కొక్కరి వేలు పట్టికలో ఒక్కో చోట ఆగుతోంది. పక్కవాణ్ని పిలిచి చూపిస్తున్నారు. చావింట్లో అంత నవ్వు మల్‌సూన్ ఎప్పుడూ వినలేదు.

ఆమె ఫోటో ముందుకు వెళ్లి అగరు వెలిగించి రెండుసార్లు సాగిలపడి మొక్కింది. లేచాక యూన్‌జు ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎంతవరకు చదివారమ్మా?" అంది మల్‌సూన్.

"చదివారో లేదో తెలీదు పిన్నీ. తిప్పుతూనే ఉన్నారు. చివర్నుంచి మొదటి పేజీ దాకా వచ్చేశారు. వేలిది తీసేస్తానంటే తియ్యనివ్వలేదు."

ఫోటో ముందు, అన్నం గిన్నెకూ అగరుకూ మధ్య, పుస్తకం మొదటి పేజీ తెరిచి ఉంది. ఆ పేజీ మీద రబ్బరు తొడుగు నిలబెట్టి ఉంది, లోపల రుమాలు పీలిక ఇంకా వేలి ఆకారంలోనే ఉంది.